చలిమనిషి

ఆ వానాకాలం మా ఇంట్లో ఇద్దరు మగాళ్ళం పనిలేకుండా కూర్చున్నాం. నేను సమ్మెలో ఉన్నాను. మా అల్లుడు మంచులో ఉన్నాడు.

నా సంగతి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. గుడ్డకు రంగులద్దే మిల్లులో కట్టెల బాయిలర్ నాది. మీసం రాని వయసులో బడి మానేసి అక్కడ కట్టెలు మోయడానికి చేరాను. మీసం నెరిసేసరికి ఆ పొయ్యికి పెద్దదిక్కునయ్యాను. ఆవిరి లేకపోతే రంగు అంటదు, రంగు అంటకపోతే మిల్లే లేదు. అలాంటిది, బాయిలర్నీ రంగుల షెడ్డునీ కాంట్రాక్టరుకు అప్పజెప్పేస్తాం, మీరు వాడి కింద పనిచేసుకోండి అన్నారు. సొంతింట్లో అద్దెకుండమన్నట్టు. మేమంతా బయటికొచ్చి గేటు ఎదురుగా టార్పాలిన్ కట్టుకుని కూర్చున్నాం. వచ్చేముందు ఆ మంటని నా చేతుల్తో నేనే ఆర్పాను. అన్నేళ్ళలో బాయిలర్ చల్లబడగా చూడటం అదే మొదలు. చెయ్యి వేస్తే పీనుగుని ముట్టుకున్నట్టుంది.

అల్లుడి సంగతి వేరు. వాడు పార్సిళ్ళ గోడౌన్‌లో చేసేవాడు. గోడౌన్ ఎత్తేశారు. అమ్మాయీ వాడూ అద్దె గది ఖాళీ చేసి మా ఇంటికొచ్చారు. మిగతా సామానంతా మా అమ్మాయి మోసింది. వాడు మాత్రం ఒక్క కంప్యూటర్ని పసిబిడ్డలా రెండు చేతుల్తో ఎత్తుకుని తెచ్చి, ముందుగదిలో సరిగ్గా నా కుర్చీ ఎదురుగా పెట్టాడు. పొద్దున్నే అమ్మాయి కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళిపోయేది. వీడు మంచులోకి వెళ్ళిపోయేవాడు.

ఆ ఆట సంగతేమిటంటే, ఒక మనిషి మంచు అడవిలో తప్పిపోయి ఉంటాడు. చలి, ఆకలి, తోడేళ్ళు. మంచు కరిగేదాకా వాడు బతకాలి. అంతే. తేలిక లెవెల్స్ ఉన్నాయిట, పిల్లలు ఆడుకోవడానికి. మావాడు ఎంచుకున్నది ఆఖరి లెవెల్. అందులో దారి చూపించే పటం ఉండదు, తిండి ఓ పట్టాన దొరకదు, ఒక్కసారి చచ్చాడంటే ఆడిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. అప్పటికి ఎన్నిసార్లు చచ్చాడో వాడికే తెలియదు.

"బయట బతకడం చేతకాక లోపల బతుకుతున్నాడు" అన్నాను ఒకరోజు, వాడు వింటుండగానే.

అమ్మాయి చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆగింది. వాడి వైపు తిరిగి, "ఇదిగో, అందరి ముందూ చెప్తున్నా. ఇప్పుడాడుతున్నావే, ఇదే ఆఖరు. ఇది అయ్యేదాకా నేను ఒక్క మాట అనను. వాడు చచ్చినా సరే, మంచు కరిగినా సరే, మర్నాడు పొద్దున నువ్వు పనిలో ఉండాలి. ఏ పనైనా" అంది.

"సరే" అన్నాడు వాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"చూసి చెప్పు."

వాడు తిరిగి, చూసి, "సరే" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ మంచులో మనిషి చావుని నాకంటే గట్టిగా కోరుకున్నవాడు లేడు. టెంటు నుంచి తడిసి రావడం, గొడుగు మూలన పెట్టడం, అడగడం.

"ఏం అల్లుడూ, చచ్చాడా మీ చలిమనిషి?"

"లేదు మామయ్యా. ఇంకా ఉన్నాడు."

"గట్టిపిండమే. మామగారింట్లో ఉన్నాడేమో."

మా ఆవిడ వంటింట్లోంచి, "పాపం, ఏమన్నా తిన్నాడా బాబూ వాడు?" అనేది. ఆవిడకి అది ఆటేనని తెలుసు. తెలిసినా అడక్కుండా ఉండలేకపోయేది. తోడేలు వస్తే తలుపు చాటుకెళ్ళి నిలబడేది.

టెంటులో పనేముంటుంది? పొద్దున నినాదాలు, మధ్యాహ్నం పేకముక్కలు, టార్పాలిన్ మీద వాన. మా నాయకుణ్ణి మైకు అనేవాళ్ళం, గొంతు అలాంటిది. రంగుల షెడ్డులో పనిచేసే నా స్నేహితుడి చేతులు ఎన్నాళ్ళు కడిగినా నీలంగానే ఉండేవి, అందుకని వాణ్ణి నీలం అనేవాళ్ళం. మైకు ప్రసంగాలు కంఠతా వచ్చేశాక నేను పెందరాళే ఇంటికి రావడం మొదలుపెట్టాను. వచ్చి ఏం చేస్తాను? ఎదురుగా కుర్చీ, ఎదురుగా తెర.

ఒకరోజు వాడు ఆ మనిషి చేత మంట వేయించాడు. ఉన్న కట్టెలన్నీ ఒక్కసారే పడేశాడు. భగ్గున లేచి, చూస్తుండగానే చప్పబడిపోయింది.

ఉండబట్టలేకపోయాను. "మంట వేయడం అంటే కట్టెలు పారబోయడం కాదయ్యా. పెళ్ళిలో వడ్డించినట్టు కొంచెం కొంచెం పెట్టాలి, అడిగినప్పుడు పెట్టాలి."

"మంట అడుగుతుందా?"

"ఎందుకడగదు? రంగు మారుతుంది. చప్పుడు మారుతుంది. తడికట్టె తెచ్చాడు కదా, దాన్ని మంటలో పెట్టొద్దను, మంట పక్కన పెట్టమను. ఇది అయ్యేలోపు అది ఆరుతుంది."

వాడు అలాగే చేశాడు. ఆట ఒప్పుకుంది. వాడు నా వైపు తిరిగి, ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి మొదటిసారి, నవ్వాడు.

నేనేమో మంట ఆరనివ్వకు, ఆరనివ్వకు అనేవాణ్ణి. బాయిలర్ దగ్గర నియమం అది, తర్వాత షిఫ్టువాడు వచ్చి నిలబడేదాకా మంటని వదిలి కదలకూడదు. వాడు తల అడ్డంగా ఊపేవాడు.

"ఇక్కడ అలా కుదరదు మామయ్యా. మంటకి కాపలా కూర్చుంటే ఆకలితో చస్తాడు. వదిలి వెళ్ళాలి, మళ్ళీ వచ్చి వెలిగించుకోవాలి."

"వెలిగించడానికి అగ్గిపుల్లలేవి?"

"అదే కదా ఆఖరి లెవెల్ అంటే."

వాడికి మాట్లాడటం వచ్చని నాకు అప్పుడే తెలిసింది. అడగడం కూడా వచ్చు. అంత పెద్ద బాయిలర్‌కి తడికట్టె వస్తే ఏం చేస్తారు? పొగ నల్లగా ఎందుకొస్తుంది? నీళ్ళెంత ఉన్నాయో లోపల ఎలా తెలుస్తుంది? నేను చెప్పేవాణ్ణి. పొయ్యిలో కట్టె ఒకసారి కుడిపక్క వేస్తే మరోసారి ఎడమపక్క వేయాలి, ఒక పక్క ఎప్పుడూ ఎర్రగా వెలుగుతుండాలి, అప్పుడు రెండో పక్క లేచిన పొగని ఈ పక్క మంట తినేస్తుంది. నీటి గాజుగొట్టాన్ని కళ్ళతో నమ్మొద్దు, కింది కుళాయి తిప్పి చూసి నమ్ము. మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాడు. మిల్లులో నన్ను ఇవన్నీ అడిగినవాడు లేడు. ఇంట్లోనూ లేరు. మా ఆవిడ నా ఉద్యోగం గురించి అడిగింది ఒకటే, చొక్కా ఎందుకింత మసి అని.

ఒకసారి మూడు తోడేళ్ళు చుట్టుముట్టాయి. "పరిగెత్తించు! పరిగెత్తించు!" అని కుర్చీలోంచి లేచాను. వాడు కదల్లేదు. ఆ మనిషి చేతికి మండే కొరివి ఒకటి ఇచ్చి, నిలబెట్టి, ఒక్కొక్క అడుగూ వెనక్కి వేయించాడు. వాడి మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనిపిస్తోంది. తోడేళ్ళు పోయాయి.

"పరిగెత్తితే వెంటపడతాయి మామయ్యా" అన్నాడు చేతులు దులుపుకుంటూ. "ఈ లెవెల్లో పరిగెత్తినవాడు బతకడు."

మంచు కరిగిన రోజు అమ్మాయికి దుకాణం సెలవు. నలుగురం అక్కడే ఉన్నాం. తెర మీద చెట్ల కొమ్మల్లోంచి నీళ్ళు కారడం మొదలైంది, ఎక్కడో ఏరు పారుతున్న చప్పుడు. చలిమనిషి గుడిసె తలుపు తీసుకుని బయటికొచ్చి నిలబడ్డాడు. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, దాచుకోవడం ఎందుకు. టెంటులో గెలుపు మాట వినక చాలాకాలమైంది, ఎక్కడో అక్కడ ఎవడో ఒకడు గెలిచాడు.

అమ్మాయి మాత్రం మొగుడి భుజం మీద చెయ్యి వేసి, "రేపు?" అంది.

"రేపు" అన్నాడు వాడు. కంప్యూటర్ కట్టేశాడు.

మర్నాడు నిజంగానే లేచాడు, అన్నం డబ్బా పట్టుకుని బయల్దేరాడు. ఎక్కడయ్యా అంటే, "హెల్పర్ పని మామయ్యా, షిఫ్టులుంటాయి" అన్నాడు చెప్పులు చూసుకుంటూ. నాకు ఆ చూపు అప్పుడు అర్థం కాలేదు. సంతోషంలో ఉన్నాను కదా. టెంటులో అందరికీ చెప్పాను, మావాడు పనికెళ్ళాడని.

అదే రోజు మిల్లు గొట్టంలోంచి పొగ లేచింది.

ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత అందరం వానలోకి వచ్చి తలలెత్తి చూశాం. నల్లగా, ముద్దలు ముద్దలుగా వస్తోంది.

"కాంట్రాక్టరుగాడు వెనక గేటు నుంచి ఎవణ్ణో పట్టుకొచ్చాడు" అన్నాడు మైకు. "ఏమంటావు, నువ్వు చెప్పు. ఎన్నాళ్ళు నడుపుతాడు?"

"కట్టె కుక్కాడు తెలివితక్కువ వెధవ" అన్నాను. "సాయంత్రానికి వాడే ఆర్పుకుంటాడు."

అందరూ నవ్వారు. నా మాట మీద వాళ్ళకంత నమ్మకం. బాయిలర్ వెలగనంతకాలం సమ్మె మాది.

సాయంత్రానికి ఆరలేదు. మర్నాడు నలుపు తగ్గింది. ఆ మర్నాడు వాన తెరిపిచ్చింది, టార్పాలిన్ అంచున నిలబడి చూస్తున్నాను. గొట్టంలోంచి బూడిదరంగు పొగ కొంచెం లేచింది, పలచబడింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ కొంచెం లేచింది, పలచబడింది. కుడిపక్క, ఎడమపక్క. కుడిపక్క, ఎడమపక్క. ఆ ఊపిరి నాది. ఇన్నేళ్ళూ ఆ గొట్టం అలాగే ఊపిరి తీసింది.

నీలం నా పక్కకొచ్చాడు. "ఎవడో పని తెలిసినవాడేరా" అన్నాడు.

"వాన మళ్ళీ పట్టేలా ఉంది" అన్నాను నేను.

ఇంటికెళ్ళేసరికి దండెం మీద వాడి చొక్కా ఉంది. ఉతికినా కట్టెపొగ వాసన పోలేదు. ఆ వాసన మా ఆవిడ గుర్తుపట్టకపోదు, జన్మంతా అలాంటి చొక్కాలే ఉతికింది. అంటే ఆవిడకి ముందే తెలుసు. అమ్మాయికీ తెలుసు. ఇంట్లో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

వాడు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు.

"నా ఇంట్లో తిని నా పొయ్యిలో కట్టె పెడుతున్నావా?" అన్నాను.

వాడు ముద్ద కంచంలో వదిలేశాడు. "ఇంకెక్కడా తీసుకోలేదు మామయ్యా. చాలాచోట్ల అడిగాను. అక్కడ మాత్రం, బాయిలర్ గురించి ఏం తెలుసు అని అడిగారు. చెప్పాను."

"నేను చెప్పిందే చెప్పావు."

"అవును."

"కంచే చేను మేసిందని వినడమే. ఇప్పుడు చూశాను."

అమ్మాయి మంచినీళ్ళ చెంబు ఠకీమని కింద పెట్టింది. "నాన్నా, పనికి పో పనికి పో అని పొద్దస్తమానం పొడిచిందెవరు? ఏ పనికి పోకూడదో ఆ జాబితా కూడా అప్పుడే ఇవ్వాల్సింది."

"అక్కడ కూర్చున్నవాళ్ళు నీకు మనుషుల్లా కనిపించడం లేదా?"

"ఈయన నీకెప్పుడు కనిపించాడని?"

మా ఆవిడ గరిటె పట్టుకుని మధ్యలోకొచ్చింది. "ముందు తినండి. తర్వాత తీరిగ్గా తిట్టుకుందురు గాని."

నేను తినలేదు. వాడితో మాటలు మానేశాను. వాడు ముందుగదిలోకొస్తే నేను వీధిలోకి పోయేవాణ్ణి. కానీ టెంటులో నోరు విప్పలేదు. విప్పితే మైకు ఏమంటాడో తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పొగ గురించి ఎవరన్నా అడిగితే, "ఎక్కువ రోజులు నిలవదు" అనేవాణ్ణి. నాలుగైదుసార్లు అడిగాక అడగడం మానేశారు. నెమ్మదిగా కొందరు టెంటుకు రావడం కూడా మానేశారు.

ఒకరోజు జోరున వాన. రంగుల షెడ్డులోకి కాంట్రాక్టరు కొత్తవాళ్ళని దింపి వారమైంది. ఎక్కువమంది ఆడవాళ్ళే. పొద్దున వాళ్ళు గేటులోకి పోతుంటే మావాళ్ళు అనకూడని మాటలన్నీ అన్నారు. వాళ్ళు కొంగులు ముఖాల మీదికి లాక్కుని పోయారు. మధ్యాహ్నం నా ఫోను మోగింది. అల్లుడు. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. ఎత్తాను. టార్పాలిన్ మీద వాన చప్పుడుకి ఒక్క ముక్క వినపడటం లేదు. స్పీకరు పెట్టాను.

"మామయ్యా, గాజుగొట్టంలో నీళ్ళు కనిపించట్లేదు."

టెంటులో పేకముక్కలు ఆగిపోయాయి. గొంతు ఎవరిదో వాళ్ళకి తెలియదు, గాజుగొట్టం అంటే ఎక్కడిదో అందరికీ తెలుసు.

"కింది కుళాయి తిప్పు" అన్నాను. "ఏమొచ్చింది?"

"ఆవిరి."

"నీళ్ళు?"

"చుక్క లేదు. పంపు తిరుగుతోంది గానీ నీళ్ళు ఎక్కట్లేదు. నేను పంపుని ఒకసారి ఆపి మళ్ళీ..."

"మళ్ళీ వెయ్యకు! పంపు కట్టెయ్. కట్టేసి అలాగే ఉంచు. చుక్క నీళ్ళు లోపలికి పోకూడదు."

ఎర్రగా కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడితే ఏమవుతుందో ఒకసారి పక్క ఊరి మిల్లులో చూశాను. గోడలు లేవు. గోడల గురించి అడిగేవాళ్ళూ లేరు.

మైకు నా పక్కకొచ్చి వంగాడు. అరవలేదు. మామూలు గొంతుతో అన్నాడు. "ఎవడైతేనేం. వాణ్ణి వదిలేసి బయటికి పరిగెత్తమను. బాయిలర్ పోతే పోనీ. నీ మాట వింటాడు, చెప్పు."

నిజం చెప్పాలంటే అతను చెప్పింది న్యాయమే. పిల్లాడు బయటపడతాడు. బాయిలర్ పోతే మిల్లు పడుకుంటుంది, మిల్లు పడుకుంటే ఓనర్లు మెట్టు దిగుతారు. ఒక్క మాట. నోట్లోనే ఉంది.

కానీ బాయిలర్‌కీ రంగుల షెడ్డుకీ మధ్య ఒక్క ఇటుక గోడ. వీడు పోయి వాళ్ళకి చెప్పి, వాళ్ళు నమ్మి, కొంగులు సర్దుకుని తొట్ల మధ్య నుంచి బయటికొచ్చేసరికి ఎంతసేపు? ఆ షెడ్డుకి తలుపు ఒక్కటే. బాయిలర్ పేలకుండా అంతదాకా ఆగుతుందో లేదో చెప్పడానికి నేనక్కడ లేను.

"మామయ్యా? వెళ్ళిపోనా?"

"నిలబడు" అన్నాను. "గాలి ఫ్యాన్లు కట్టెయ్. కట్టేశావా? పొగగొట్టం అడ్డుపలక మూసెయ్. ఇప్పుడు తడిబూడిద. బయట మూలన కుప్ప ఉంటుంది, వానకి తడిసే ఉంటుంది. పార తీసుకో. పొయ్యి తలుపు పూర్తిగా తియ్యకు, సగమే. పక్కకి నిలబడి వెయ్యి, ఎదురుగా నిలబడకు. మంట కనపడకుండా పోయేదాకా వేస్తూనే ఉండు."

ఫోనులో పార చప్పుడు. దగ్గు. పార చప్పుడు. ఒకసారి వాడు అరిచాడు, తర్వాత మళ్ళీ పార చప్పుడు. ఎంతసేపో నాకు తెలియదు. గొట్టం వైపు చూస్తూ నిలబడ్డాను. పొగ తెల్లబడింది, సన్నబడింది, పోయింది.

"మంట లేదు మామయ్యా" అన్నాడు. గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. "ఇప్పుడేం చెయ్యను?"

"ఏం చెయ్యకు. దానంతటదే చల్లారాలి. మనుషుల్ని బయటికి పంపు. నువ్వూ రా."

ఫోను పెట్టేశాను. నీలం నా ముఖంలోకి చూస్తున్నాడు. "మామయ్యా అన్నాడు" అన్నాడు. "నీ అల్లుడా?"

మైకు నవ్వాడు, అదేం నవ్వో. "పొగ ఎక్కువ రోజులు నిలవదన్నావు. నిలబెట్టింది నువ్వేనన్నమాట."

"పక్క షెడ్డులో మనుషులున్నారు" అన్నాను.

"ఇక్కడా ఉన్నారు" అన్నాడు మైకు. పేకముక్కలు ఏరుకుని అటు తిరిగి కూర్చున్నాడు.

నాకెవరూ వెళ్ళమని చెప్పలేదు. గొడుగు తీసుకుని నేనే వచ్చేశాను.

బాయిలర్ చెడలేదు. పంపు జాలీలో చెత్త అడ్డం పడిందిట, తీసేసి కొద్దిరోజుల్లో మళ్ళీ వెలిగించారు. వానలు వెనకబట్టేసరికి సమ్మె కూడా వెనకబట్టింది. కాంట్రాక్టరు కిందే అందరినీ తీసుకోవడానికి ఒప్పందమైంది. పేర్లు చదివినప్పుడు నాది లేదు. బాయిలర్‌కి మనిషి ఉన్నాడు అన్నారు వాళ్ళు. మావాళ్ళెవరూ అదేమిటని అడగలేదు. నీలం మాత్రం వీధిలో ఎదురైతే నీలం చెయ్యి సగం ఎత్తి, దింపేస్తాడు.

అల్లుడికి మోచేతి నుంచి మణికట్టుదాకా కాలింది. కట్టు కట్టించుకుని మూడో రోజే డ్యూటీకి పోయాడు. అమ్మాయి ఆ వారమే మిల్లు వెనక వీధిలో ఒక గది చూసింది. నాతో ఒక్క మాట అనలేదు. సామాను రెండు విడతల్లో పోయింది. రెండో విడతకి అమ్మాయి ఒక్కతే వచ్చింది, వాడు షిఫ్టులో ఉన్నాడు. చివరి మూట గుమ్మంలో పెట్టి నిలబడింది.

"ఒక్క మాట అడుగుతా నాన్నా. వెళ్ళిపోనా అని నిన్ను అడిగాడట కదా. రమ్మనలేదేం?"

షెడ్డులో ఆడవాళ్ళ సంగతి చెప్పాను. వింది.

"అది వాళ్ళ గురించి. నేను ఆయన గురించి అడుగుతున్నా. ఆయన చేతులు వణికి ఉంటే? తలుపు పూర్తిగా తీసి ఉంటే?"

"వాడు నిలబడతాడని తెలుసమ్మా."

నా నోట్లోంచి ఆ మాట రావడం నాకే కొత్తగా ఉంది. అమ్మాయి నన్ను కాసేపు చూసింది, దుకాణంలో ఎవరికో అద్దాలు పెట్టి అక్షరాలు కనిపిస్తున్నాయా అని చూస్తుందే, అలా.

"ఈ మాట ఆయనతో అన్నావా?"

"లేదు."

మూట ఎత్తుకుంది. నేను సాయం పట్టబోతే వద్దంది. బండిలో పెట్టుకుని, కూర్చుని, తల బయటపెట్టి, "ఆదివారం తీసుకొస్తాను. అప్పుడు చెప్పు" అంది.

ఆ ఆదివారం వాడికి డ్యూటీ పడింది. తర్వాతి ఆదివారం కూడా. మా ఆవిడ ప్రతివారం నాలుగు కంచాలు పెట్టి, రెండు తీసేస్తుంది. బాయిలర్‌కి ఆదివారాలుండవు, ఆ సంగతి ఆవిడకి తెలియంది కాదు. వాడికి చెప్పాల్సిన మాట ఇంకా నా నోట్లోనే ఉంది.